పది ఇళ్ళకు ఒకటే ముఖం

సాయంత్రం నడకకి వెళ్ళినప్పుడల్లా ఒక సందేహం నన్ను రోడ్డు మీద నిలబెట్టేస్తుంది. ఈ ఇల్లు ఎక్కడ అయిపోయింది, పక్కిల్లు ఎక్కడ మొదలైంది? స్కాట్లండ్‌లోని గ్లాస్గోకి దక్షిణాన స్ట్రాత్‌బంగో అని ఒక పేట ఉంది. అందులో రైలు పట్టాల వెంబడి సాగే వీధి మోరే ప్లేస్. ఆ వీధిలో పది ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని, లేత ఇసుకరాతితో కట్టిన ఒకే వరుసగా ఉంటాయి. రెండే అంతస్తులు. ఈ చివరొకటి, ఆ చివరొకటి కాస్త ముందుకు వచ్చి, నెత్తిన త్రికోణపు రాతి ముఖాలతో నిలబడతాయి. మధ్యలో ఉన్న ఎనిమిదింటికీ పై అంతస్తులో ఆ కొస నుంచి ఈ కొస దాకా చదరపు స్తంభాలు, మొత్తం 52. అన్నిటిదీ ఒకే ఎత్తు, ఒకే మందం, మధ్యలో ఒకటే ఎడం. వాటి వెనకాలెక్కడో కిటికీ అద్దాలు. ఒక కుటుంబం పడకగది ఎక్కడ ముగిసి, ఇంకో కుటుంబం పడకగది ఎక్కడ మొదలవుతుందో ఆ స్తంభాలు బయటపెట్టవు. కింద తలుపులు లెక్కపెట్టి, పైన పొగగొట్టాల బారులు చూసుకుని, కర్టెన్ల రంగు మారినచోట ఇల్లు మారిందని ఊహించుకోవాల్సిందే. చించని బట్ట తానులా ఉంటుంది ఆ గోడ. ఎన్నిసార్లు చూసినా కన్ను ముందుగా అతుకు కోసమే వెతుకుతుంది. అతుకు దొరక్కపోతే మనసుకి ఇంత అలజడి ఎందుకు?

బహుశా నేను పుట్టి పెరిగిన చోట ఇంటికి ముఖం ఉండటమంటే పక్కింటి ముఖంలా లేకపోవడమే కాబట్టి కావచ్చు. మనవాళ్ళు స్థలం కొన్న రోజు నుంచీ ఎలివేషన్ గురించి మాట్లాడతారు. ప్లాను అయ్యాక ఎలివేషన్‌కి ప్రత్యేకంగా ఇంకొకరిని పెట్టుకుంటారు. ఆ వీధిలో అలాంటిది ఇంకొకటి ఉండకూడదు, బంధువులు వచ్చినప్పుడు దూరం నుంచే గుర్తుపట్టాలి. ఇందులో నాకు తప్పేమీ కనిపించదు. అప్పులు చేసి, చీటీలు పాడి, జీవితంలో ఒక్కసారి కట్టుకునే ఇంటి మీద తన గుర్తు ఉండాలని మనిషి కోరుకుంటాడు. ఇల్లు కట్టి చూడమన్న సామెత ఆ బరువు తెలిసినవాళ్ళు చెప్పిందే. మరి ఇక్కడ, 1860 ప్రాంతంలో, డబ్బున్న పది కుటుంబాలు తమ ఇంటిని పక్కింటినుంచి వేరుగా చూపించుకునే హక్కుని ఎలా వదులుకున్నాయి? అసలు వదులుకున్నామని వాళ్ళకి అనిపించిందా? పెద్ద కట్టడంలో భాగమయ్యామన్న సంతోషమే ఎక్కువయిందా? నడుస్తున్నంతసేపూ ఈ ప్రశ్న నన్ను తొలుస్తూనే ఉంటుంది.

ఈ వరుసని గీసినాయన అలెగ్జాండర్ థామ్సన్. ఊరంతా ఆయన్ని గ్రీక్ థామ్సన్ అనే పిలుస్తుంది. 1817లో బాల్‌ఫ్రన్ అనే పల్లెటూళ్ళో పుట్టాడు. మోరే ప్లేస్ ఇళ్ళు 1859లో మొదలై 1861కి పూర్తయ్యాయి. మన కాలమానంలో చెప్పుకోవాలంటే, ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద కాటన్ ఆనకట్ట పూర్తయిన ఏడేళ్ళకు పని మొదలైంది. థామ్సన్ కథలో నన్ను పట్టుకున్నది ఆయన కీర్తి కంటే ముందు ఆయన పోగొట్టుకున్నవాళ్ళు. 1850లలో ఆయన గ్లాస్గో నది ఒడ్డున గోర్బల్స్ పేటలో కాపురం ఉన్నాడు. ఆ పదేళ్ళలో కలరా ఊరిని దులిపేసింది, వరసగా ఆయన పిల్లల్ని మృత్యువు పట్టుకుపోయింది. ఒకరిద్దరు కాదు. ఆ దుఃఖం తర్వాత కుటుంబం దక్షిణంగా, ఊరి అంచున గాలి బాగున్న వైపు జరిగింది. 1859 అక్టోబరులో విక్టోరియా రాణి లాక్ కాట్రిన్ సరస్సు దగ్గరికి వచ్చి నీళ్ళు వదిలింది. కొండల్లోంచి 40 కిలోమీటర్లకు పైగా కాలువలు, సొరంగాల గుండా మంచినీళ్ళు గ్లాస్గోకి చేరాయి. 1866లో కలరా మళ్ళీ వచ్చినప్పుడు ఈ ఊరు చాలామటుకు బతికిపోయింది. నీళ్ళు వదిలిన ఏడాదే మోరే ప్లేస్ పని మొదలైంది. ఆ స్తంభాల నిబ్బరం చూసినప్పుడు, ఎవరూ కదిలించలేని దాన్నొకదాన్ని నిలబెట్టాలని ఆ తండ్రికి అనిపించి ఉంటుందా అని ఆలోచిస్తాను. ఇది నా ఊహే. రాయికీ దుఃఖానికీ మధ్య ఇంత తిన్నగా దారి వెయ్యడం భావ్యమో కాదో తెలియదు. కానీ ఆ ఊహ రాకుండా ఆ వీధిలో నడవడం నా వల్ల కావడం లేదు.

1861లో ఆయనే వచ్చి ఆ వరుసలోని మొదటి నంబరు ఇంట్లో దిగాడు. 1875 మార్చిలో చనిపోయేదాకా అదే ఆయన ఇల్లు. తను గీసిన ఇంట్లో తనే ఉండిన ఆర్కిటెక్టు మీద నాకు ఎక్కడలేని నమ్మకం కలుగుతుంది. అయితే ఒక సంగతి గమనించాను. మొదటి నంబరంటే చివరి ఇల్లు, ముందుకు వచ్చి త్రికోణం మోసే రెండిట్లో ఒకటి. అందరికీ ఒకే ముఖం ఇచ్చినవాడు తను మాత్రం గుర్తుపట్టగలిగే ఇంట్లో ఉన్నాడన్నమాట. ఇందులో అన్యాయముందా? కాసేపు అలాగే అనిపించింది. తర్వాత వరుసని ఇంకోలా చూశాను. ఆ చివరిళ్ళు రెండూ లేకపోతే మధ్యలోని ఎనిమిదీ గాల్లో తేలిపోతాయి. పంక్తికి రెండు కొసలు కావాలి, ఆ కొసలు బరువుగా ఉండాలి. కాబట్టి ఇది అచ్చమైన సమానత్వం అనడానికి లేదు. ప్రతి ఇంటికీ ఒక పని ఉంది, కొన్నిటికి బరువు మోసే పని, కొన్నిటికి వరుసలో కలిసిపోయే పని. రెండో రకం పనే కష్టమని నాకు తోస్తుంది. దానికి ఒప్పుకున్నవాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు.

థామ్సన్ గ్రీసు చూడలేదు. బ్రిటన్ దాటి పోనేలేదు. ఏథెన్స్ గుళ్ళూ ఈజిప్టు స్తంభాలూ ఆయనకి తెలిసింది పుస్తకాల్లోని బొమ్మల నుంచే. ఇళ్ళకీ చర్చీలకీ గోథిక్ శిఖరాలు పెట్టడమే భక్తి అనుకునే రోజుల్లో, కొత్త యూనివర్సిటీ భవనానికి లండన్ నుంచి గిల్బర్ట్ స్కాట్ గోథిక్ నమూనా తెస్తే, 1866లో దాన్ని విమర్శిస్తూ పట్టుదలగా ఉపన్యాసమిచ్చాడు. అడ్డంగా సాగే గీతలో అనంతం ఉందని ఆయన నమ్మకం. నిట్టనిలువు శిఖరం ఎంత ఎత్తుకు లేచినా ఒకచోట ఆగాలి, అడ్డగీత మాత్రం కన్ను అలిసేదాకా సాగుతూనే ఉంటుంది. మోరే ప్లేస్ ముందు నిలబడితే ఈ మాటకి అర్థం తెలుస్తుంది. చూరు కింది రాతిపట్టీ మీద చూపు పెడితే అది ఎక్కడా ఆగనివ్వదు. పొగగొట్టాలు సైతం ఒకే ఎత్తులో, ఈజిప్టు తామరమొగ్గల్ని గుర్తుచేస్తూ బారులు తీరి ఉంటాయి. ఆయన కట్టిన సెయింట్ విన్సెంట్ స్ట్రీట్ చర్చి గోపురంలో భారతీయ ఛాయలు చూసినవాళ్ళున్నారు. మొదటిసారి దాన్ని చూసి మన గుడి విమానం ఏదో గుర్తొచ్చి తలెత్తి చాలాసేపు నిలబడ్డాను. చూడని దేశాల్ని ఇంత శ్రద్ధగా ప్రేమించడం ఎలా సాధ్యమైంది ఆయనకి? చూసి ఉంటే ఇంత స్వేచ్ఛగా కట్టేవాడు కాదేమో కూడా. ఆయన పోయాక ఆయన పేరుతో కుర్ర ఆర్కిటెక్టులు దేశాలు తిరిగేందుకు ఒక ఉపకారవేతనం పెట్టారు. 1890లో అది అందుకుని ఇటలీ వెళ్ళిన కుర్రాడు చార్లెస్ రెన్నీ మాకింటోష్. థామ్సన్‌కి దొరకని ప్రయాణం ఆయన పేరుమీద ఇంకొకరికి దొరికింది.

ఇంత పొగిడాక ఒక ఇబ్బందికరమైన నిజం దాచకూడదు. ఈ ఇళ్ళు మామూలు జనానివి ఎన్నడూ కావు. 1861 జనాభా లెక్కల నాటికి స్కాట్లండ్‌లోని ఇళ్ళలో దాదాపు మూడోవంతు ఒంటిగది ఇళ్ళు. గోర్బల్స్‌లో, కౌకాడెన్స్‌లో మెట్లెక్కి వెళ్తే ఒక గదిలో తల్లీ తండ్రీ పిల్లలూ, పైగా అద్దె పంచుకునే బయటివాళ్ళూ. ఇటువైపు స్తంభాలున్న ఇంట్లోనూ పొయ్యిలు వెలిగించే పనిమనిషి తెల్లారకముందే లేవాలి. ఎదురుగా రైలు అప్పటికే నడుస్తోంది, ఆ పొగ అందరి కిటికీల మీదా ఒకేలా పడింది, తుడిచే చేతులు మాత్రం ఒకరివే. అప్పటి గ్లాస్గో సంపదలో మనకీ వాటా ఉంది, మన నష్టం రూపంలో. ఊరికి వాయవ్యాన లీవెన్ లోయలో టర్కీ ఎరుపు అద్దిన బట్టలు ఓడలకెక్కి మన రేవులకి వస్తుంటే, మచిలీపట్నంలో చిరివేరుతో ఎరుపు అద్దే ఇళ్ళల్లో పనులు సన్నగిల్లాయి. ఈ పది ఇళ్ళ గోడల్లో ఆ డబ్బు పడిందని నేను అనను. ఊరు బాగుపడ్డప్పుడు ఊరి రాళ్ళూ బాగుపడతాయి, అంతవరకే. మరి ఇదంతా తెలిశాక ఆ గోడ అందం తగ్గిందా అంటే, తగ్గలేదు. తగ్గాలా? ఈ ప్రశ్న దగ్గర నేను చాలాసార్లు ఆగిపోతాను. థామ్సన్ కూడా ఊరి అవతలి వైపుని మరిచిపోలేదన్నది కొంత ఊరట. 1868లో ఊరి మురికివాడల స్థానంలో వరుసగా ఇళ్ళు కట్టి, వరుసల మధ్య వీధుల మీద గాజు కప్పు వెయ్యాలని ఒక ప్రణాళిక ఇచ్చాడు. వానలో తడవకుండా పిల్లలు ఆడుకునే వీధి. అది కాగితం మీదే ఉండిపోయింది. తన పిల్లలు పోయిన ఊరి కోసం ఆయన గీసిన బొమ్మ అది.

వరుస ఇళ్ళు నాకు కొత్తేమీ కాదు. శ్రీకాకుళం వైపు మా అమ్మమ్మగారి ఊళ్ళో వీధి పొడుగునా ఒకటే చూరు ఉండేది. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే మట్టిగోడ, ముందు వరసగా అరుగులు. వాన పడితే ఈ చివర అరుగెక్కి, తల తడవకుండా ఆ చివరిదాకా నడిచిపోయేవాళ్ళం. దారిలో ఎవరి అరుగు మీద ఎవరి బియ్యం చెరుగుతున్నారో, ఎవరి ముసలాయన చుట్ట కాలుస్తున్నాడో తెలిసేది. మేకు కొట్టాలంటే పక్కింటికి చెప్పి కొట్టేవారు. “ఆళ్ళింట్లో మేకు కొడితే మనింట్లో మట్టి రాల్తాదిరా, సెప్పాపెట్టకుండా కొట్టేస్తే ఎలా?” అనేది అమ్మమ్మ. అక్కడ ఏ ఆర్కిటెక్టూ లేడు, ఏ అడ్డగీత సిద్ధాంతమూ లేదు. చూరు ఎత్తు ఎంతుండాలో అందరికీ తెలుసు, అంతే. తర్వాత గల్ఫ్ డబ్బులొచ్చాయి, వైజాగ్ ఉద్యోగాలొచ్చాయి. మధ్యలో ఒక ఇల్లు తీసేసి డాబా లేపారు. ఉమ్మడి గోడకి ఒక వైపు ఆసరా పోయింది. ఆ వర్షాకాలం పక్కింటి మావయ్య గదిలోకి నీళ్ళు దిగాయి. ఎవరినీ తప్పు పట్టలేం, డాబా కావాలనుకోవడం నేరమా? కానీ ఒక ఇల్లు వరుసనుంచి తప్పుకుంటే మిగిలినవన్నీ ఒక్కసారి విడిఇళ్ళయిపోవడం నేను కళ్ళారా చూశాను. వాననాటి నడక కూడా అక్కడితో తెగిపోయింది. మోరే ప్లేస్‌లో నేను అతుకు కోసం వెతకడానికి అసలు కారణం అమ్మమ్మగారి వీధేనేమో.

గోడని దగ్గరగా చూడటం నాకు నేర్పింది ఒక రాతిపనివాడు. నేను అద్దెకుండే పాత రాతి భవనానికి ఆ వేసవిలో పరంజా కట్టారు. టీ తాగే వేళ కిందికి దిగినప్పుడు ఆయనతో మాట కలిసింది. అడిగిందే తడవు నన్ను గోడ దగ్గరికి తీసుకెళ్ళి, రెండు రాళ్ళ మధ్య దర్జు మీద వేలు పెట్టించాడు. దర్జు గట్టిగా, బూడిదరంగులో, ఇనుములా ఉంది. దాని పక్కన రాయి మాత్రం వేలితో తాకితే పంచదారలా రాలింది. గోరుతో గీకితే అంగుళం లోపలికి దిగింది. ఆ దర్జు ఎప్పుడో ఎవరో సిమెంటుతో నింపిందట. ఇసుకరాయి నీళ్ళు తాగుతుంది, తాగిన నీళ్ళని బయటికి వదలాలి. పాతకాలంలో కట్టింది సున్నంతో. సున్నం రాయికంటే మెత్తన, తేమ దానిగుండా బయటికి పోతుంది, అరిగితే సున్నమే అరుగుతుంది, మళ్ళీ నింపుకోవచ్చు. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. నీళ్ళు రాయిలోనే నిలిచి, చలికాలం గడ్డకట్టి ఉబ్బి, రాయిని లోపలినుంచి పొడి చేస్తాయి. గోడని కాపాడటానికి పూసిందే గోడని తినేసింది. ఆయన ఇంకొకటి కూడా చూపించాడు. రాయి గనిలో ఎలా పడుకుని ఉందో గోడలోనూ అలాగే పొరలు అడ్డంగా ఉండేలా పెట్టాలి. పొరలు నిలువుగా, ముఖంవైపుకి పెడితే తమలపాకుల కట్ట విప్పినట్టు రేకులు రేకులుగా ఊడివస్తుంది. ఆ తర్వాతినుంచి ఏ గోడ పక్కనుంచి వెళ్ళినా నా కన్ను దర్జుల మీదికే పోతోంది.

ఈ ప్రాంతపు లేత ఇసుకరాయి 30 కోట్ల ఏళ్ళకు పైబడిన నదుల ఇసుక. ఊరి దక్షిణాన గిఫ్‌నాక్ గనుల్లోంచి గుర్రపు బళ్ళ మీద, తర్వాత రైళ్ళ మీద వచ్చేది. ఆ గనులు మూతపడి చాలాకాలమైంది. ఒకప్పుడు ఆ సొరంగాల్లో పుట్టగొడుగులు పెంచారట. ఇప్పుడు మరమ్మతుకి సరిపోయే లేతరాయి కావాలంటే ఎక్కువగా ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న గనులే దిక్కు. తన రాయితోనే తనని కట్టుకున్న ఊరు ఇప్పుడు పక్క దేశపు రాయితో అతుకులు వేసుకుంటోంది. వందేళ్ళు బొగ్గు పొగకి గ్లాస్గో అంతా నల్లబడింది. 1956లో గాలి శుభ్రతకి చట్టం వచ్చాక పొగ తగ్గింది. 1970ల నుంచి గోడలు కడగడం మొదలుపెట్టారు. ఇసుక చిమ్మారు, యాసిడ్లు పోశారు. నలుపుతోపాటు చాలాచోట్ల ఉలి చెక్కిన పదునూ పోయింది. మూల దగ్గర కత్తిలా ఉండాల్సిన అంచు సబ్బుబిళ్ళలా గుండ్రబడింది. శుభ్రం చేశామన్న తృప్తితో చేసిన పని అది. పాతదాన్ని ప్రేమించడంలో తొందరపాటు ఎంత ప్రమాదమో ఆ అంచుల్ని వేలితో తడిమితే తెలుస్తుంది.

మోరే ప్లేస్ పది ఇళ్ళూ ప్రభుత్వ రక్షణ జాబితాలో ఉన్నాయి, అదీ అన్నిటికంటే పై తరగతి అయిన ‘ఎ’లో. స్కాట్లండ్‌లో అలాంటి జాబితాకెక్కిన కట్టడాలు దాదాపు 47 వేలు, అందులో ‘ఎ’ తరగతివి నూటికి ఎనిమిది. జాబితాలో ఉంటే ఇంటాయన తన కిటికీ తను మార్చుకోవడానికి కౌన్సిల్‌ని అడగాలి. పైకీ కిందికీ జరిగే కర్ర కిటికీలు, లోపల తాళ్ళకి వేలాడే ఇనుప గుళ్ళు, ఏవీ తీసేసి ప్లాస్టిక్ ఫ్రేములు పెట్టుకోకూడదు. డిష్ పెట్టాలన్నా, తలుపు మార్చాలన్నా, లోపల పాత గోడ కొట్టాలన్నా అనుమతి కావాలి. అడక్కుండా చేస్తే నేరం. చలిదేశంలో గాలి దూరే కిటికీతో బతకడం మాటలు కాదు, గ్యాసు బిల్లు కట్టేది ఇంటాయనే. పైగా ఇక్కడ కొత్త ఇల్లు కడితే వ్యాట్ సున్నా, పాత ఇంటికి మరమ్మతు చేస్తే 20 శాతం. కాపాడమని ఒక చేత్తో చెప్పి ఇంకో చేత్తో పన్ను వెయ్యడం ఏమి న్యాయమో నాకు బోధపడదు. మరి ఈ చట్టం కఠినమైనదా? ఇంటాయన గోడు వింటే అవుననిపిస్తుంది. వీధిలో నిలబడి చూస్తే లేదనిపిస్తుంది. ఎందుకంటే ఆ 52 స్తంభాల్లో ఒక్కదాని వెనక తెల్ల ప్లాస్టిక్ కిటికీ వచ్చినా మిగతా 51 కూడా పాడవుతాయి. అక్కడ ఏ ఒక్కరూ తమ వాటాని మాత్రమే పాడుచేసుకోలేరు. ఇంటి లోపల ఎవరిది వాళ్ళది, కడుపు సొంతం, ముఖం మాత్రం పది ఇళ్ళదీ, ఆ దారినపోయే నాదీ. నాకు అందులో చారెడు సొంతం కాకపోయినా ప్రతి సాయంత్రం దాన్ని అనుభవిస్తున్నాను. కాబట్టి దానికయ్యే ఖర్చులో కొంత నాలాంటివాళ్ళు పన్నుల రూపంలో పంచుకోవడమే ధర్మమని నా అభిప్రాయం.

చట్టమొక్కటే సరిపోదని థామ్సన్ మిగతా కట్టడాలే సాక్ష్యం. క్వీన్స్ పార్క్ దగ్గర ఆయన కట్టిన చర్చి 1943లో బాంబు పడి కాలిపోయింది, అది యుద్ధం. కాలెడోనియా రోడ్ చర్చి 1965లో మంటల్లో లోపలంతా బూడిదై, ఇప్పటికీ కప్పు లేకుండా, ముందరి స్తంభాలతో గోర్బల్స్ కూడలిలో నిలబడి ఉంది. ఊరి నడిబొడ్డున యూనియన్ స్ట్రీట్‌లో ఈజిప్షియన్ హాల్స్ చాలా ఏళ్ళుగా పరంజా వెనక ముఖం దాచుకుంది. ఈ చివరి రెండింటికేం తక్కువ? జాబితాలో పేరున్నా రోజూ పొద్దున్నే తలుపు తీసి చూసుకునే మనిషి లేకపోయాడు. మోరే ప్లేస్ బతికింది జనం కాపురముండటం వల్ల. 1990లలో గావిన్ స్టాంప్ అనే వాస్తు చరిత్రకారుడు గ్లాస్గోలో పాఠాలు చెప్పడానికి వచ్చి, థామ్సన్ ఉండిన ఆ మొదటి నంబరు ఇంట్లోనే కాపురం పెట్టాడు. 1991లో థామ్సన్ పేరుతో ఒక సంఘం స్థాపించి, మిగిలినవైనా నిలబెట్టమని ఊరితో పోట్లాడాడు, రాశాడు, ఉత్తరాలు పంపాడు. ఆయన 2017లో పోయారు. ఒక ఇంటిని ప్రేమించి అందులో ఉండటమే ఆ వాదనకి బలమైన రుజువనిపిస్తుంది నాకు.

ఇక్కడినుంచి ఇంటివైపు చూస్తే బెంగగా ఉంటుంది. హైదరాబాద్‌లో 1995లో చారిత్రక కట్టడాల రక్షణకి ఒక నిబంధన తెచ్చారు, 13వ నిబంధన అనేవారు దాన్ని. 2015లో దాన్ని తీసేశారు. 2017లో తెలంగాణకి కొత్త వారసత్వ చట్టం వచ్చింది. 2019లో ఎర్రమంజిల్ ప్యాలెస్ కూల్చి అక్కడ అసెంబ్లీ కట్టాలన్న నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది. కోర్టుదాకా వెళ్ళి నిలబెట్టినవాళ్ళకి దండం పెట్టాలి. కానీ ప్యాలెస్‌కి కోర్టు ఉంది, మామూలు వీధికి ఎవరున్నారు? ఒంటరిగా చూస్తే ఏ గొప్పా లేని ఇల్లు, వరుసలో ఉన్నప్పుడే విలువ ఉన్న ఇల్లు, ఏ జాబితాలోకి ఎక్కుతుంది? మా అమ్మమ్మగారి వీధికి అలాంటి జాబితా ఉండి ఉంటే బాగుండేదా? ఆ మట్టిగోడల్లో ఉండేవాళ్ళని అలాగే ఉండమని చెప్పే హక్కు నాకు లేదు. గ్లాస్గోలో కూర్చుని ఆ మాట అనడం మరీ అన్యాయం. వాళ్ళని అడిగి, వాళ్ళకి డబ్బు సాయం చేసి, చూరుని కాపాడుతూ లోపల స్నానాల గదీ వంటగదీ మార్చుకునే దారి చూపించినవాళ్ళు ఒక్కరైనా లేకపోయారే అన్నదే నా బాధ.

ఇక్కడ స్కాట్లండ్‌లో, ఫైఫ్ తీరాన చార్ల్స్‌టౌన్ అనే ఊళ్ళో పాత సున్నపు బట్టీలున్నాయి. ఆ ఊళ్ళోనే సున్నం పని నేర్పే ఒక కేంద్రం నడుస్తోంది. సిమెంటు వచ్చాక మరిచిపోయిన పనిని కుర్ర మేస్త్రీలు మళ్ళీ నేర్చుకుంటున్నారు. మన దగ్గర ఆ విద్య ఇంకా పూర్తిగా మరుగునపడలేదు. గానుగలో ఎద్దులు తిప్పిన సున్నం, అందులో కరక్కాయ నీళ్ళు, బెల్లం, ఈ లెక్కలు చేతికి వచ్చినవాళ్ళు అక్కడక్కడా మిగిలే ఉన్నారు. ఆ రాతిపనివాడు గ్లాస్గో గోడ గురించి చెప్పినదంతా మన పాత ఇటుక గోడకీ అక్షరాలా వర్తిస్తుంది. మీ ఊళ్ళో తాతలనాటి గానుగ సున్నపు ఇల్లు ఇంకా ఉంటే, గోడ చెమ్మగిల్లిందని సిమెంటు బస్తాలు తెప్పించకండి. సున్నం పని తెలిసిన మేస్త్రి ఎక్కడున్నాడో కనుక్కోండి, కాస్త ఆలస్యమైనా సరే. పని మొదలుపెట్టే ముందు పక్కింటివాళ్ళని పిలిచి కూర్చోబెట్టి మాట్లాడండి, ఆ గోడ ఇద్దరిదీ.